గర్భశోకంలో తల్లి పక్కన మంత్రసాని



నిర్గమకాండము మొదటి అధ్యాయంలో ఫరో పేరు రాయలేదు గాని ఇద్దరు మంత్రసానుల పేర్లు రాశారు: షిఫ్రా, పూయా. వారు బ్రతికించిన బిడ్డల గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆదికాండము 35వ అధ్యాయంలో ఇంకొక మంత్రసాని ఉంది. ఆమెకు పేరు లేదు. ప్రసవవేదనలో ప్రాణం పోతున్న రాహేలు పక్కన కూర్చుని భయపడవద్దని చెప్పింది. ప్రాణాన్ని ఆపలేకపోయినా పక్కన ఉండటం కూడా మంత్రసాని పనే. దాని గురించి మనం చాలా తక్కువ మాట్లాడతాం.

28 వారాలు నిండిన తరువాత ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డను మృతశిశువుగా లెక్కించడం ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలను పోల్చడానికి వాడే పద్ధతి. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో ఇలాంటి జననాలు దాదాపు 20 లక్షలు. అందులో మన దేశానివి సుమారు 3 లక్షల 40 వేలు. అంతకుముందే పోయిన గర్భాలు ఈ లెక్కలోకి రావు.

ఎందుకు పోయింది? ఇంట్లో మొదట వేలు చూపించేది తల్లి వైపే. మెట్లెక్కిందనీ, బస్సులో తిరిగిందనీ, గ్రహణంనాడు బయటికొచ్చిందనీ అంటారు. సంఘంలోనైతే విశ్వాసం చాలలేదనే మాట కూడా వినిపిస్తుంది, అది మరీ క్రూరమైనది. నిజానికి తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం వరకు పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోయేవే. నెలలు నిండాక అయితే బీపీ, షుగర్, మాయ సరిగా పనిచేయకపోవడం, ఇన్ఫెక్షన్, బిడ్డ ఎదుగుదల ఆగిపోవడం వంటివి కారణాలు. కొన్నిసార్లు ఏ పరీక్షలోనూ కారణం దొరకదు. ఈ సంగతి తల్లికీ, ముఖ్యంగా అత్తగారికీ, నర్సు నోటి నుండే వినపడాలి.

మంచి మిడ్‌వైఫ్ పని స్కానింగ్ గదిలోనే మొదలవుతుంది. గుండె చప్పుడు లేదని తెలిశాక "పెద్ద డాక్టరుగారు చెప్తారు" అని తప్పించుకోదు. బిడ్డ చనిపోయిందని అర్థమయ్యే మాటల్లో చెప్పి, పక్కనే కూర్చుంటుంది. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, బీపీ వంటి ప్రమాదం లేకపోతే ఆ క్షణమే నొప్పులు తెప్పించాల్సిన అవసరం ఉండకపోవచ్చు. భర్తతో మాట్లాడుకోవడానికి కొంత సమయం ఇవ్వవచ్చు. నొప్పి తగ్గించే మందు అందరు తల్లులలాగే ఈమెకూ హక్కే. వీలైతే పసిపిల్లల ఏడుపు వినబడని గదిలో ఉంచుతారు.

తరువాతి గంటల గురించి నేను కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువగా గాయపరిచేది ఇక్కడే. "చూస్తే మరిచిపోలేదు" అని పెద్దవాళ్లు బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకెళ్లిపోతారు. తల్లికి మత్తు దిగేలోపు పూడ్చడం అయిపోతుంది. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ముప్పై ఏళ్లు గడిచాక కూడా, ఆ గుంట ఎక్కడ తవ్వారో చెప్పమని అడిగిన తల్లిని నేను ఎరుగుదును. చూడాలా వద్దా అన్నది తల్లిదండ్రులను అడగాలి. బలవంతం చేయకూడదు, దాచకూడదు. చర్మం ఊడి ఉండవచ్చు, పెదవులు నల్లబడి ఉండవచ్చు అని మిడ్‌వైఫ్ ముందే చెప్పి, బిడ్డను శుభ్రంగా పొత్తిళ్లలో చుట్టి ఇస్తుంది. ఒక ఫోటో, పాదముద్ర, చేతికి కట్టిన పేరు పట్టీ తీసి కవరులో ఉంచుతుంది. ఇప్పుడు వద్దన్న తల్లి ఆరు నెలలకు వచ్చి అడగవచ్చు. బ్రిటన్‌లో బిడ్డను చల్లగా ఉంచే ఉయ్యాలలు ఉన్నాయి, తల్లిదండ్రులకు ఒకటి రెండు రోజులు దొరుకుతాయి. మన ఎండల్లో అంత సమయం ఉండదు, అందుకే త్వరగా అడగాలి.

భూస్థాపన విషయానికొస్తే, సమాధుల తోటలో చోటు ఇవ్వడానికి బాప్తిస్మపు రిజిస్టరు చూడటం నాకు సమ్మతం కాదు. తల్లి ఆసుపత్రి నుండి వచ్చేదాకా ఆగగలిగితే ఆగండి. తండ్రిని "మగవాడివి, ధైర్యంగా ఉండాలి" అని పక్కకు నెట్టకండి. ఆ చిన్న పెట్టెను మోసేది అతనే.

ఇంటికి వచ్చాక రెండో రోజో నాలుగో రోజో పాలు పడతాయి. నాలుగైదు నెలల గర్భం పోయినా పడవచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆ తల్లి తల్లడిల్లిపోతుంది. బిగుతుగా కట్టకుండా సరిపోయే లోదుస్తులు, చల్లని గుడ్డ, నొప్పి మాత్ర సాయపడతాయి. బరువు తగ్గేంత మాత్రమే పిండాలి. పాలు ఆపే మందు డాక్టరు ఇవ్వగలరు, కానీ బీపీ ఎక్కువున్నవారికి అది పనికిరాకపోవచ్చు. గంటలోనే ప్యాడ్ తడిసిపోవడం, దుర్వాసన, జ్వరం, కాలు వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తల్లిది నెగటివ్ బ్లడ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని 72 గంటల్లోపే అడగండి. బిడ్డ లేకపోయినా ఆమె బాలింతే. విశ్రాంతి, వేడి భోజనం ఆమెకూ కావాలి.

చట్టాన్ని కూడా గుర్తుంచుకోండి. ప్రసూతి ప్రయోజనాల చట్టం పరిధిలోకి వచ్చే ఉద్యోగినులకు గర్భస్రావం తరువాత ఆరు వారాల వేతన సెలవు ఉంది. మృతశిశు జననాన్ని నమోదు చేయించాలి. వారాలు గడిచినా నిద్రలేకుండా, బ్రతకాలని లేదంటూ ఉంటే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి.

శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు మనకు కొత్తగా వస్తున్నారు. తెలంగాణలో 2017లో శిక్షణ మొదలైంది. 2018 డిసెంబరులో కేంద్రం మార్గదర్శకాలిచ్చి, నర్సులకు 18 నెలల కోర్సు పెట్టింది. మన మిషను ఆసుపత్రులు, నర్సింగ్ స్కూళ్లు ఈ శోక పరిచర్యను కూడా పాఠంగా నేర్పాలని నా మనవి.

మళ్లీ గర్భం వచ్చినప్పుడు సంతోషంకంటే భయమే ముందుంటుంది. పోయిన నెల దగ్గరికి వచ్చేసరికి అది రెట్టింపవుతుంది. వీలైతే పాత మిడ్‌వైఫే చూడటం మేలు, జరిగినదంతా మళ్లీ మొదటినుండి చెప్పుకునే బాధ తప్పుతుంది. గర్భానికి ముందే ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు, షుగర్, థైరాయిడ్, బీపీ పరీక్షలు, 28 వారాల తరువాత పక్కకు తిరిగి పడుకోవడం, కదలిక తగ్గితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లడం అవసరం. ఇక సంఘ పెద్దలకు ఒక మాట: ఆమె తానుగా చెప్పేదాకా కొత్త గర్భం కబురును ఆదివారం ఆరాధనలో ప్రకటించకండి.