ఔషధం ఫలించనప్పుడు: చిత్తోద్వేగ చికిత్సకు మన చరిత్ర చూపిన మార్గం



శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధిలోనూ, సంవత్సరం పొడవునా మంత్రాలయంలోనూ నిద్ర చేసే భక్తులలో ఒక వర్గం ఉన్నది. వారికి పైకి కనిపించే వ్యాధి ఏదీ లేదు. గుండెదడ, నిద్రలేమి, హేతువు తెలియని భయం మాత్రమే వారి బాధ. ఆదోని మార్కెట్టులో పత్తి ధర పడిపోయిన రైతు, ఎమ్మిగనూరులో మగ్గం మీద అప్పు పెరిగిన నేతగాడు అర్చకుని వద్దకు వచ్చి, "సామీ, మాత్తర్లు మింగుతానే ఉండాను, గుణం కనపడ్లేదు. ఇవి ఇడిసిపెట్టి ఏదన్నా మంత్రం చెప్పండి" అని అడుగుతారు.

పూర్వం ఒక యువకుడు ఇట్లే అడిగినప్పుడు, "స్వామిని నమ్ము, మాత్రలతో పనేమి?" అని నేనే అన్నాను. పది దినాలలో అతనికి చేతుల వణుకు, నిద్రాభంగం, మునుపటికంటె అధికమైన భీతి కలిగినవి. అకస్మాత్తుగా మానినందువలననే ఇట్లు జరిగినదని వైద్యుడు చెప్పిన తరువాత గాని నా అజ్ఞానం నాకు తెలియలేదు. ఆ ఋణం కొంతైనా తీర్చుకొనుటకే ఈ వ్యాసం.

మన శాస్త్రం ఈ విషయమున ఏమి చెప్పినది? చరకసంహిత విమానస్థానం మనోవికారాలను లెక్కించుచు కామక్రోధాదులతోపాటు శోకాన్నీ, భయాన్నీ, చిత్తోద్వేగాన్నీ పేర్కొన్నది. అదే గ్రంథం సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో చికిత్స త్రివిధమని నిర్ణయించినది. మంత్ర, హోమ, నియమ, ఉపవాసాదులు దైవవ్యపాశ్రయం. ఆహార ఔషధాల యోజన యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాలనుండి మనస్సును మరలించుట సత్త్వావజయం. ఈ మూడింటినీ ఆచార్యుడు ఒకే చోట, ఒకే వైద్యశాస్త్రంలో నిలిపినాడు. మంత్రం ఉన్నది కనుక ఔషధం వలదనే భావనకు ఆ విభాగంలో ఆధారం లేదు.

"ఇంగ్లీషు మందు కాదు, మూలిక ఇవ్వండి" అనేవారు సర్పగంధ చరిత్రను తెలుసుకొనవలెను. ఉన్మాదానికి మన దేశంలో చిరకాలంగా వాడిన ఈ వేరును గూర్చి 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తీకచంద్ర బోసు వైద్యపత్రికలో వ్రాసినారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు దానినుండి రిసర్పిన్ అనే ద్రవ్యాన్ని వేరుచేసినారు. 1954లో అమెరికాలో నేథన్ క్లైన్ దానిని మనోరోగులకు వాడి ఫలితాలను ప్రకటించినాడు. అనతికాలంలోనే కొందరు రోగులలో అది తీవ్ర విషాదాన్ని కలిగించినదనే నివేదికలు వెలువడినవి. క్రమంగా కొత్త మందులు దాని స్థానాన్ని ఆక్రమించినవి. మూలిక అయినంత మాత్రాన అది నిరపాయకరం కాదు. మోతాదు తెలియక వాడినచో అదీ హాని చేయును.

ఇక ఆలయవాసం మాటేమి? 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన రఘురామ్ ప్రభృతులు ఒక పరిశీలనను ప్రచురించినారు. తమిళనాడులోని ఒక ముత్తుస్వామి ఆలయంలో నివసించిన 31 మంది మనోరోగుల లక్షణాలు, ఔషధం లేకుండగనే, సుమారు ఐదవ వంతు తగ్గినవి. అక్కడ వారికి ప్రత్యేక క్రతువులేవీ లేవు. కుటుంబసభ్యుని తోడు, దైనందిన ఆలయ కైంకర్యం, భయపెట్టని ఆదరం మాత్రమే ఉన్నవి. పోల్చిచూచుటకు వేరొక వర్గం లేని చిన్న పరిశీలనే అయినప్పటికీ, మంత్రాలయంలో సేవ చేసేవారు పొందే ఊరటను అర్థం చేసుకొనుటకు అది తోడ్పడుతున్నది.

అయితే దానికి ముందు సంవత్సరమే, 2001 ఆగస్టు 6న, అదే రాష్ట్రంలోని ఏర్వాడిలో దర్గా సమీపాన గల ఒక ఆశ్రయంలో అగ్నిప్రమాదం సంభవించి, గొలుసులతో బంధింపబడిన 25 మందికి పైగా రోగులు పారిపోలేక ప్రాణాలు కోల్పోయినారు. దీనిని ఒక మతానికి అంటగట్టుట తగదు. శ్రద్ధ ఉండి వైద్యం, పర్యవేక్షణ లేని ఏ పుణ్యక్షేత్రానికైనా ఈ ప్రమాదం ఉన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టం మనోరోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది.

మనకు సమీపాననే మరొక ఉదాహరణ కలదు. మన ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ బళ్ళారిలోనే 1985లో నిమ్హాన్స్ ఒక ప్రయోగం ఆరంభించినది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల వైద్యులకూ, గ్రామ ఆరోగ్య కార్యకర్తలకూ మనోవ్యాధులను గుర్తించే శిక్షణ ఇచ్చి, మందులను రోగి ఊరికి చేరువ చేసినారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య పథకానికి అదే నమూనా అయినది. దూరనగరానికి పోనవసరం లేకుండ వైద్యుని మరల మరల కలిసే వీలు కల్పించుటే దాని సారం. మందు పనిచేయనివానికి ప్రథమంగా కావలసినది ఈ పునర్దర్శనమే.

ఏలనన, ఆందోళనకు ఇచ్చే కొన్ని మందులు ఫలించుటకు కొన్ని వారాలు పట్టును. మోతాదు చాలకపోవచ్చును, మందు మార్చవలసి రావచ్చును, థైరాయిడ్ దోషం మూలకారణం కావచ్చును. నిద్రకూ భయానికీ ఇచ్చే కొన్ని మాత్రలను హఠాత్తుగా మానుట ప్రమాదకరం. ఇక ఆలోచనల తీరును పరిశీలించి సరిదిద్దే సంభాషణ చికిత్సను 1960ల నుండి ఆరన్ బెక్ అభివృద్ధి చేసినాడు. ఆందోళనకు ఉపకరించునని రుజువైన ఆ పద్ధతి మన సత్త్వావజయానికి ఆప్తబంధువు. టెలిమానస్ 14416 సంఖ్యకు ఫోన్ చేసినచో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చును.

ఇప్పుడు మాత్రలు చేతపట్టుకొని వచ్చిన వానికి నేను తీర్థం ఇస్తాను, కూర్చుండబెట్టి వింటాను, ప్రదక్షిణం చేయుమంటాను. చివరగా, "నాయనా, ఈ మాత్రలు మానవద్దు. వీటిని తీసికొని రేపే డాక్టరు వద్దకు పో. గుణం లేదని ఆయనతోనే చెప్పు. సాయంకాలం మరల గుడికి రా" అంటాను.

స్వస్తి.