నీళ్ళలో పుట్టిల్లు

స్కాట్లండుకు ఉత్తరాన, ఆర్కనీ దీవుల నడుమ, స్కాపాఫ్లో అని సముద్రపు చెరువులాంటి చోటు ఒకటి ఉంది. మొదటి ప్రపంచయుద్ధం ఆగాక జర్మనీ యుద్ధనౌకలను తెచ్చి అక్కడ కట్టడి చేశారు. శత్రువు చేతికి పోవడంకన్నా మునగడమే నయమనుకుని, 1919 జూన్ 21న జర్మన్ నావికులే తమ ఓడలకు నీళ్ళు వదిలారు. ఒక్క రోజులో 52 ఓడలు అడుక్కి పోయాయి. తరవాత చాలావాటిని పైకి లాగి పాత ఇనుము కింద అమ్మేశారు. ఏడు పెద్ద ఓడలు మాత్రం ఇంకా అక్కడే పడున్నాయి.

వాటిని చూడ్డానికి మనుషులు పొద్దున్నే పడవ బాడుగకు మాట్లాడుకుని వెళ్తారట. రబ్బరు దుస్తులు తొడుక్కుని, వీపున గాలిబుడ్డి కట్టుకుని, ఎముకలు కొరికే నీళ్ళలోకి దిగి, సాయంత్రానికి ఒడ్డుకు చేరతారట. వేన్నీళ్ళు కాస్త చల్లారితేనే గోలచేసే మావారు ఇది విని, "డబ్బిచ్చి మరీనా!" అన్నారు.

నాకు మాత్రం అది వింతగా తోచలేదు. మా పుట్టింటివాళ్ళది విశాఖపట్నం. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా ఊరి ముంగిట్లోనే మునిగింది. ఇప్పటికీ ఆ సముద్రం అడుగునే ఉంది. ఆ రాత్రి పేలుడుకి కిటికీలు అదిరాయని మా వీధిలో ఎంతకాలం చెప్పుకున్నారో! కంటికి కనిపించని ఆ ఇనపపెట్టె కోసం సముద్రంకేసి చూస్తూ నిలబడేవాళ్ళం.

కాని నేను పడవెక్కి వెతికిన మునక ఓడ కాదు, ఊరు.

ముప్పయ్యైదేళ్ళ కిందట మావారి ఉద్యోగంవల్ల ఎల్లారెడ్డిలో కాపురం పెట్టాం. దగ్గరలోనే నిజాంసాగర్. మంజీర నదికి అడ్డంగా, అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల దగ్గర, 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆనకట్ట. సుమారు మూడు కిలోమీటర్ల పొడవు. పైన బండి నడిచే బాట. కట్టించింది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్, కట్టిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. రెండు లక్షల డెబ్బై అయిదువేల ఎకరాలు తడపాలన్నది సంకల్పం. ఆ నీళ్ళతోనే చెరుకు పండింది, 1938 నాటికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచింది. నిజామాబాదు జిల్లాలో ఎందరి ఇళ్ళల్లో పెళ్ళిళ్ళూ చదువులూ ఆ నీటి చలవే. అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుతోంది. జరపవలసిందే.

అయితే ఆ నీళ్ళు నిలవడానికి నలభై ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ నలభై పేర్లూ వరసగా చెప్పగలిగినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయనంతా తవ్వి, దొరికిన శిల్పాలను కొండమీదికి చేర్చారు. శ్రీశైలం నీళ్ళు వస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ నిలిపారు. రాజులు కట్టించినవి కాబట్టి వాటికా మర్యాద. ఎడ్లకొట్టాన్నీ, ముగ్గేసిన వాకిలినీ ఎవరు విప్పి మోస్తారు చెప్పండి?

పోనీ గాలిబుడ్డి కట్టుకుని దిగి చూద్దామా అంటే, ఇది స్కాపాఫ్లో కాదు. అక్కడ ఉన్నది ఇనుము, ఇక్కడివి మట్టిగోడలు. పైగా మంజీర ఒట్టి నీళ్ళు తేదు, దారిలోని నేలంతా కోసుకొస్తుంది. మొదట్లో 29 టి.ఎం.సి.లకు పైగా పట్టిన సాగరం ఇప్పుడు 17.8 మాత్రమే పడుతోంది. తక్కినదంతా ఒండ్రు మింగిన చోటు. ఊళ్ళు ఒకసారి నీళ్ళలో మునిగాయి, మళ్ళీ ఒకసారి మట్టిలో మునిగాయి.

మా పక్కింటి అవ్వకు అప్పటికే డెబ్బై అయిదు దాటాయి. ఆ నలభైలో ఒకటి ఆమె పుట్టినూరు. చిన్నప్పుడే పెళ్ళయి అత్తగారింటికి వచ్చింది. తరవాత కొన్నేళ్ళకే ఊరు నీళ్ళకింద పోయింది. తెలంగాణంలో బతుకమ్మ పండుగంటే ఆడబిడ్డ తల్లిగారింటికి పోవాల్సిందే. తోటికోడళ్ళంతా బండ్లు కట్టించుకుని పోతుంటే ఈవిడ మాత్రం ఇంట్లోనే. అన్నదమ్ములు ఎక్కడో కూలికి కుదురుకున్నారు, పిలిచే వాకిలి లేదు.

ఒక పుష్యమాసపు ఉదయం చేపలుపట్టే అతన్ని బతిమాలి మేమిద్దరం పడవెక్కాం. చెయ్యి ముంచితే కొంకర్లు పోయే చలి. కొంతదూరం పోయాక అవ్వ, "గీడనే, ఆపు" అంది. అన్నివైపులా ఒకటే నీళ్ళు.

"ఎట్లా తెలుసు అవ్వా?"

"గా గుట్ట మా వాకిట్ల నిలవడితే గిట్లనే కనవడేది."

కొంగుముడి విప్పి పసుపు, కుంకుమ, గుప్పెడు బియ్యం నీళ్ళలో వేసింది. తల్లిగారింట్లో ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తారు. ఇక్కడ బిడ్డే తెచ్చి పోసింది. ఏడవలేదు. చెయ్యి కడుక్కుని నావైపు తిరిగింది.

"నీ తల్లిగారూరు ఏడ బిడ్డా?"

"విశాఖపట్నం అవ్వా. సముద్రం ఒడ్డున."

"ఇల్లు ఉన్నదా గింకా?"

"ఉంది."

"మరి పండుగకు పోలేదేంది?" అని కోప్పడింది.