విద్యార్థి రోవర్లలో సెన్సర్లు, మట్టి పరీక్షల ఎంపిక

విద్యార్థులు నిర్మించే రోవర్లు మట్టిలో జీవం జాడను పసిగట్టడానికి వాడే పరికరాలను, రసాయన పరీక్షలను ఎంచుకునే పద్ధతి ఇది. అమెరికాలోని మార్స్ సొసైటీ 2007లో ప్రారంభించిన యూనివర్సిటీ రోవర్ ఛాలెంజ్ ఈ రంగంలో పేరున్న పోటీ. యూటా రాష్ట్రంలోని హాంక్స్‌విల్ సమీపంలో, అంగారకుణ్ణి తలపించే ఎర్రని ఎడారిలో ఇది జరుగుతుంది. రోవర్ బరువుకు 50 కిలోల పరిమితి ఉండటం వల్ల ప్రతి పరికరమూ తన అవసరాన్ని నిరూపించుకోవాలి.

సెన్సర్లు

ఉష్ణోగ్రత, తేమ సెన్సర్లు మట్టి జీవానికి అనుకూలమా కాదా అన్నంతవరకే చెప్పగలవు. తేమ కొలవడానికి కెపాసిటివ్ రకం మేలు. రెసిస్టివ్ రకంలో లోహపు కడ్డీలు మట్టికి నేరుగా తగిలి తుప్పు పడతాయి. చవకగా దొరికే ఎంక్యూ-4 మీథేన్ సెన్సర్ ఇతర మండే వాయువులకూ స్పందిస్తుంది కాబట్టి దాని రీడింగ్ ఒక్కటే ఆధారం కాదు. నీలికాంతి పడినప్పుడు క్లోరోఫిల్ సుమారు 680 నానోమీటర్ల వద్ద ఎర్రగా మెరుస్తుంది. యూటా ఎడారి నేలపై సయనోబాక్టీరియా పొరలు ఉంటాయి కనుక ఈ ఫ్లోరసెన్స్ పద్ధతి అక్కడ బాగా అక్కరకొస్తుంది.

మట్టి పరీక్షలు

నిన్‌హైడ్రిన్ అమైనో ఆమ్లాలతో కలిసి వేడెక్కితే ఊదారంగు ఇస్తుంది. కాగితంపై వేలిముద్రలను బయటపెట్టేదీ ఇదే. అందువల్ల చేతి చెమట తగిలినా నమూనా పాడవుతుంది, గ్లోవ్స్ తప్పనిసరి. బైయూరెట్ పరీక్ష ప్రోటీన్లను చూపుతుంది. మిణుగురుల లూసిఫెరిన్, లూసిఫరేజ్‌లతో చేసే ఏటీపీ పరీక్ష బతికున్న కణాల ఉనికిని సూచిస్తుంది. ఎర్రమట్టి రంగు ఫలితాన్ని కప్పేయకుండా మట్టిని నీటిలో కలిపి, వడగట్టిన ద్రవాన్నే పరీక్షించాలి.

తప్పుడు ఫలితాలు

హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే మట్టి నురగలు కక్కడం కెటలేజ్ ఎంజైమ్ వల్ల కావచ్చు, మాంగనీస్ డయాక్సైడ్ వల్లా కావచ్చు. అదే మట్టిని బాగా మరిగించి మళ్లీ పరీక్షిస్తే ఎంజైమ్ పని ఆగిపోతుంది, ఖనిజం పని ఆగదు. 1976లో అంగారకుడిపై దిగిన వైకింగ్ నౌకలూ వేడిచేసిన మట్టితో ఇలాగే పోల్చి చూశాయి. వాటి లేబుల్డ్ రిలీజ్ ప్రయోగంలో వాయువు వెలువడినా, మరో పరికరం సేంద్రియ పదార్థాలను నిర్ధారించలేకపోవడంతో జీవం ఉందని తేల్చలేదు. 2008లో ఫీనిక్స్ నౌక అంగారక మట్టిలో పెర్‌క్లోరేట్‌ను కనుగొన్నాక ఆ పాత ఫలితాలపై చర్చ మళ్లీ మొదలైంది. అందుకే వేర్వేరు సూత్రాలపై పనిచేసే రెండు మూడు పరీక్షలనూ, ప్రతిదానికీ ఒక పోలిక నమూనానూ ఎంచుకోవాలి.