ఎర కట్టిన చేతులు

ఆరెగాన్‌లో నేను కట్టడం నేర్చుకుంటున్న ఫ్లై పేరు స్కంక్. గాలపు ముల్లుకి ఎర్ర తోక పెట్టి, నల్లదారం చుట్టి, మీద వెండిజరీ తిప్పి, చివర రెక్కలా తెల్లవెంట్రుకలు బిగించాలి. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగొచ్చే స్టీల్‌హెడ్ చేపకి ఇది ఎర.

వీటికి ముందుతరం, స్కాట్లాండులో సాల్మన్ కోసం ఈకలతో కట్టిన ఫ్లైలు. అందులో ఆరితేరిన మేగన్ బాయిడ్ (1915-2001) బ్రోరా దగ్గర కరెంటు లేని చిన్న ఇంట్లో దశాబ్దాలపాటు అవే కట్టింది. తను మాత్రం ఒక్క చేపా పట్టలేదు.

చదవగానే నాకు కోపమొచ్చింది. కట్టేది ఆమె, చేపతో ఫొటో దిగేది అతనూ! వంటింటి లెక్కే కదా అనుకున్నాను. కానీ మేగన్ నా కోపానికి లొంగే మనిషి కాదు. ఆ దేశంలోనే టే నదిలో 1922లో జార్జినా బాలెంటైన్ 64 పౌన్ల సాల్మన్‌ని పట్టింది. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. మేగన్ చేపని చంపడం ఇష్టంలేక పట్టలేదు. 1971లో బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇస్తామంటే, కుక్కని చూసుకునేవాళ్ళు లేరని రాణిగారి దగ్గరికీ వెళ్ళలేదు.

గుడ్లు పెట్టాక బతికి, మళ్ళీ నదికి వచ్చే స్టీల్‌హెడ్‌లలో ఎక్కువ ఆడవే. నా స్కంక్‌కి వెంట్రుకలు ఎక్కువై రెక్క పక్కకి ఒరిగింది. సరిచేశాను. నీళ్ళలో వెయ్యాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.