జీవకణం – సిద్ధాంతం – ప్రయోగం

పంతొమ్మిదవ శతాబ్దపు ప్రకృతిశాస్త్రం సాధించిన మూడు మహావిజయాలను ఎంగెల్స్ 1886లో ఫాయర్‌బాహ్‌పై రాసిన గ్రంథంలో పేర్కొన్నాడు. మొదటిది జీవకణాన్ని కనుగొనడం. రెండవది, శక్తి ఒక రూపం నుంచి మరొక రూపంలోకి మారుతుందన్న సూత్రం. మూడవది డార్విన్ పరిణామ సిద్ధాంతం. డార్విన్‌ను గురించి మనం సభలలో, తరగతులలో తరచు మాట్లాడుకుంటాం. శక్తి సూత్రాన్ని పాఠ్యగ్రంథాలలో చదువుకుంటాం. ఎంగెల్స్ మొట్టమొదట పేర్కొన్న కణాన్ని మాత్రం పరీక్ష గట్టెక్కగానే మరచిపోతాం.

అది మరచిపోదగిన విషయం కాదు. గత డెబ్బయి ఏళ్ళలో జంతుకణాలపై జరిగిన పరిశోధన ఒక పాత నమ్మకాన్ని తలకిందులు చేసింది. చర్మంగానో పేగుగానో ఒకసారి స్థిరపడిన కణం మరి వెనక్కి పోదన్నది ఆ నమ్మకం. పోగలదని కప్పలో, గొర్రెలో, ఎలుకలో, చివరకు మనిషిలో రుజువైంది. ఈ చరిత్రలో అభ్యుదయవాదులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన ఘట్టం ఒకటి వుంది. దాదాపు ఇదే కాలంలో, ఇదే కణాన్ని గురించి, మార్క్సిజం పేరు చెప్పి ఒక అసత్యాన్ని శాస్త్రంగా చలామణీ చేశారు. సత్యాన్ని కనుగొన్న దారినీ, అసత్యాన్ని నిలబెట్టిన దారినీ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట పేరు సంగతి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సన్నగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో కనిపించిన ఖాళీ అరలకు, చిన్న గది అనే అర్థమిచ్చే 'సెల్' అన్న పేరు పెట్టాడు. ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలు మాత్రమే. తెలుగులో మనం వాడే 'కణం' అన్న మాటకు గోడతో పనిలేదు. నలుసు, నూక అని దాని అర్థం. హుక్ తరువాత నూట డెబ్బయి ఏళ్ళకు గాని అసలు సంగతి తేలలేదు. 1838లో ష్లైడెన్ మొక్కలన్నీ, 1839లో ష్వాన్ జంతువులన్నీ కణాలతోనే నిర్మితమైనాయని ప్రకటించారు. మొక్కకూ జంతువుకూ నిర్మాణసూత్రం ఒక్కటేనని ఆ విధంగా తెలిసింది.

అయితే కొత్త కణం ఎక్కడి నుంచి వస్తుంది? ఉప్పునీటిలో స్ఫటికాలు ఏర్పడినట్లు, ఒక ద్రవంలో కణాలు వాటంతటవే ఏర్పడతాయని ష్వాన్ అనుకున్నాడు. అది సరికాదనీ, కణం చీలి కణాలవుతుందనీ రెమాక్ పిండాలను పరిశీలించి చూపాడు. 1855లో వీర్కో దానిని సూత్రంగా చెప్పాడు: ప్రతి కణమూ మరొక కణం నుంచే పుడుతుంది.

ఈ వీర్కో ఎవరో కూడా తెలుసుకోవాలి. 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరం ప్రబలినప్పుడు ప్రభుత్వం పంపగా వెళ్ళి, ఆ ప్రజలకు కావలసిన మందు విద్యా, స్వాతంత్ర్యమూ, ప్రజాస్వామ్యమూ అని నివేదిక రాసిన వైద్యుడాయన. ఆ ఏడే బెర్లిన్ వీధులలో బారికేడ్ల వద్ద నిలిచాడు. శరీరాన్ని కణరాజ్యాల సమాఖ్యగా ఆయన వర్ణించడాన్ని ఎంగెల్స్ తరువాత విమర్శించిన మాటా నిజమే.

వీర్కో సూత్రంతో ఒక చిక్కు తీరి మరొక చిక్కు పుట్టింది. ఒకే అండం నుంచి ఇన్ని రకాల కణాలు ఎట్లా వస్తున్నాయి? కంటిలో కణం వేరు, కాలేయంలో కణం వేరు. జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు వైజ్‌మన్ 1892లో దీనికొక సమాధానం ఇచ్చాడు. అండంలో వున్న వారసత్వ ద్రవ్యం కణవిభజనతోపాటు పంపకమైపోతుంది. కంటికణానికి కంటి వాటా, కాలేయకణానికి కాలేయం వాటా మిగులుతుంది. ఉమ్మడి ఆస్తి పంచుకున్న అన్నదమ్ములలాగా, వాటా తీసుకున్న కణం మరి మొత్తానికి హక్కుదారు కాజాలదు. వైజ్‌మన్ చెప్పినది మరొకటి కూడా వుంది: శరీరకణాలు జీవితకాలంలో పొందిన మార్పులు బీజకణాలకు చేరవు. ఈ రెండు మాటలూ వేరు వేరు. పాఠకులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

పంపకం సిద్ధాంతాన్ని పరీక్షించడానికి 1888లో రూ అనే శాస్త్రజ్ఞుడు రెండు కణాల దశలో వున్న కప్ప పిండంలో ఒక కణాన్ని కాల్చిన సూదితో చంపాడు. మిగిలిన కణం సగం పిండంగానే పెరిగింది. వైజ్‌మన్ నెగ్గినట్టే కనిపించింది. మూడేళ్ళ తరువాత డ్రీష్ సముద్రపు అర్చిన్ పిండాలను కుదిపి, రెండు కణాలనూ విడదీశాడు. ఒక్కొక్క కణమూ చిన్నదైనా సంపూర్ణమైన జీవిగా పెరిగింది. రూ చంపిన కణం పక్కనే అంటిపెట్టుకొని వుండి, బతికిన కణాన్ని అడ్డగించిందని తరువాత తేలింది. ఇంత మంచి ప్రయోగం చేసిన డ్రీష్ చివరకు ఎక్కడికి చేరాడు? యంత్రానికి సాధ్యం కాని ఈ పని ఏదో భౌతికాతీత జీవశక్తి చేస్తున్నదన్నాడు. సరైన ప్రయోగం నుంచి కూడా తప్పు తత్త్వం పుట్టవచ్చునని ఆయన చరిత్ర చెబుతుంది. సరైన తత్త్వం పేర తప్పు ప్రయోగం ఎట్లా నిలబడిందో సోవియట్ చరిత్ర చెబుతుంది.

1948 ఆగస్టులో మాస్కోలో లెనిన్ వ్యవసాయశాస్త్ర అకాడమీ సమావేశం జరిగింది. అక్కడ లైసెంకో జన్యుశాస్త్రాన్ని బూర్జువా భావవాదంగా నిందించాడు. తన నివేదికను పార్టీ కేంద్రకమిటీ ఆమోదించిందని సమావేశం చివరలో ప్రకటించాడు. ఇక చర్చకు తావు లేకపోయింది. అప్పటికే, ప్రపంచం నలుమూలల నుంచి పంటల విత్తనాలు సేకరించిన మహాశాస్త్రజ్ఞుడు వవిలోవ్ 1940లో అరెస్టయి, 1943 జనవరిలో సరాతోవ్ జైలులో మరణించాడు.

1950 మే నెలలో కణం వంతు వచ్చింది. ఒల్గా లెపెషిన్‌స్కయా పాత బోల్షెవిక్; జారు కాలంలో సైబీరియా ప్రవాసం చూసినది. ఆమె త్యాగాన్ని శంకించనక్కరలేదు. కాని కోడిగుడ్డులోని సొన వంటి కణరహిత 'జీవపదార్థం' నుంచి కణాలు పుడుతున్నాయని ఆమె చెప్పింది. అనగా వీర్కో తోసిపుచ్చిన ష్వాన్ అభిప్రాయం వందేళ్ళ తరువాత విప్లవాత్మకమైన ఆవిష్కరణగా తిరిగి వచ్చింది. వీర్కో సూత్రం అభివృద్ధి నిరోధకమని, అందులో గుణాత్మక మార్పుకు చోటు లేదని వాదించారు. ఆమెకు స్టాలిన్ బహుమానం ఇచ్చారు. ఆ ప్రయోగాలను ఎవరూ నికరంగా తిరిగి చేసి చూపలేకపోయారు. బారికేడ్ల మీద నిలిచిన వీర్కో అభివృద్ధి నిరోధకుడైనాడు. చూడని దానిని చూశామన్నవారు భౌతికవాదులైనారు!

ఇందులో నష్టపోయినది సోవియట్ జన్యుశాస్త్రం ఒక్కటే కాదు. జనాభా జన్యుశాస్త్ర స్థాపకులలో ఒకడూ, మార్క్సిస్టూ అయిన హాల్డేన్ లైసెంకోను సూటిగా ఖండించడానికి చాలాకాలం వెనుకాడాడు. చివరకు 1950 ప్రాంతంలో బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీకి దూరమైనాడు. ఆయనే 1957లో మన దేశానికి వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. మరొక సంగతి కూడా చెప్పాలి. ఈ తప్పును దిద్దడానికి పూనుకున్నవారూ సోవియట్ శాస్త్రజ్ఞులే. 1955లో దాదాపు మూడువందల మంది లైసెంకోకు వ్యతిరేకంగా కేంద్రకమిటీకి లేఖ రాశారు. లైసెంకో జన్యుశాస్త్ర సంస్థ అధిపతి పదవి నుంచి దిగినది 1965లో గాని కాదు.

మాస్కోలో వైజ్‌మన్‌ను తిట్టడం జరుగుతూ వుండగా, మరొకచోట వైజ్‌మన్‌ను పరీక్షించడం జరుగుతున్నది. 1952లో ఫిలడెల్ఫియాలో బ్రిగ్స్, కింగ్ అనే ఇద్దరు, కప్ప అండంలో కేంద్రకాన్ని తీసివేసి, దాని స్థానంలో పిండకణం కేంద్రకాన్ని ప్రవేశపెట్టారు. తొలిదశ పిండం నుంచి తీసిన కేంద్రకాలతో తోకకప్పలు పుట్టాయి. ముదిరిన పిండం నుంచి తీసినవాటితో దాదాపు అన్నీ విఫలమైనాయి. కణం ముదిరేకొద్దీ కేంద్రకం శక్తి కోల్పోతుందని వారు భావించారు.

ఆక్స్‌ఫర్డ్‌లో గర్డన్ అనే యువకుడు దక్షిణాఫ్రికా కప్ప మీద ఇదే ప్రయోగం చేశాడు. తోకకప్ప పేగులోని కణాల నుంచి కేంద్రకాలు తీసుకున్నాడు. అండం సొంత కేంద్రకమే చావకుండా మిగిలిందేమోనన్న అనుమానం రావచ్చు గనుక, సూక్ష్మదర్శినిలో విడిగా గుర్తుపట్టగల కేంద్రకాలు గల కప్పలను ఎంచుకున్నాడు. 1962లో ప్రకటించిన ఫలితాలలో నూటికి ఒకటి రెండు కేంద్రకాలు మాత్రమే మామూలు తోకకప్పలను ఇచ్చాయి. చాలామంది నమ్మలేదు. కాని ఒక్క పేగుకణం కేంద్రకం సంపూర్ణమైన కప్పను తయారు చేయగలిగినా, ఆ కేంద్రకంలో కంటి వాటా, గుండె వాటా అన్నీ వున్నట్టే గదా! పంపకం జరగలేదు. 1996 జూలై 5న ఎడిన్‌బరో సమీపంలోని రోస్లిన్ సంస్థలో, ఆరేళ్ళ గొర్రె పొదుగు కణం నుంచి డాలీ పుట్టింది. 277 అండాలతో ప్రయత్నిస్తే నిలిచినది అదొక్కటే.

అండంలో ఏమున్నది, ముదిరిన కేంద్రకాన్ని మళ్ళీ పసిదానిని చేయడానికి? 2006లో క్యోటోలో యమనకా, తకహాషి దీనిని తేల్చారు. పిండకణాలలో చురుకుగా వుండే 24 జన్యువులను ఎంచి, అన్నిటినీ కలిపి ఎలుక చర్మకణాలలో ప్రవేశపెట్టారు. కొన్ని కణాలు పిండకణాల స్థితికి చేరాయి. తరువాత ఒక్కొక్క జన్యువునే తగ్గించి చూస్తూ పోగా నాలుగు చాలునని తేలింది. మరుసటి ఏడు మానవ చర్మకణాలతోనూ ఇదే సాధ్యమైంది. 2012లో గర్డన్‌కు, యమనకాకు నోబెల్ బహుమానం వచ్చింది.

మన తాళపత్ర గ్రంథాలతో పోల్చి చెప్పవచ్చు. ప్రతి కణంలోనూ కట్ట మొత్తం వుంది. చర్మకణం తనకు కావలసిన ఆకులు విప్పుకొని, తక్కినవాటిని తాడు బిగించి వుంచుతుంది. ఆ తాడు విప్పగల వేళ్ళే యమనకా చూపిన నాలుగు జన్యువులు. దీనికీ మినహాయింపులున్నాయి. మన రక్తంలోని ఎర్రకణం కేంద్రకాన్నే పారవేస్తుంది. రోగనిరోధక కణాలు కొన్ని ఆకులను నిజంగానే కత్తిరించి అతుక్కుంటాయి. ప్రకృతి మన సూత్రాలకు కట్టుబడి వుండాలని లేదు.

ఇప్పుడు పోలిక చూడండి. పంపకం విషయంలో వైజ్‌మన్ నిజంగానే పొరపడ్డాడు. 'వైజ్‌మన్ తప్పు' అని నినదించిన లైసెంకోవాదులు ఆ తప్పును నిరూపించలేకపోయారు. నిరూపించినవారు కేంద్రకాన్నీ జన్యువునూ నమ్మి, వాటిని చేతబట్టి పనిచేసినవారు. కణం మారగలదనీ, గుణాత్మకంగా వెనక్కి కూడా నడవగలదనీ తెలిసినది, లైసెంకో లేదన్న వస్తువుల ద్వారానే.

ఇది పెట్టుబడిదారీ శాస్త్రం పవిత్రతకు నిదర్శనమని ఎవరైనా అంటే అదీ ఒప్పుకోరాదు. దక్షిణ కొరియాలో హ్వాంగ్ అనే శాస్త్రజ్ఞుడు మానవ పిండకణాలు సృష్టించానన్నాడు. ప్రభుత్వం 2005లో ఆ విజయం పేర తపాలా బిళ్ళ వేసింది. 2006 జనవరికల్లా అది కట్టుకథ అని తేలింది. 2014 జనవరిలో జపాన్‌లోని రికెన్ సంస్థ నుంచి, కణాలను కాసేపు ఆమ్లంలో ముంచితే చాలు పిండకణాలవుతాయన్న ప్రకటన వెలువడింది. జూలైలో ఆ వ్యాసాలను ఉపసంహరించుకున్నారు. జాతిగౌరవమూ, లాభమూ శాస్త్రజ్ఞులను ఎంతగానైనా వంచగలవు. తేడా ఒక్కటే: ఇక్కడ ఇతరులు ప్రయోగాన్ని తిరిగి చేసి 'మాకు రాలేదు' అని చెప్పగలిగారు. అట్లా చెప్పినందుకు జైలు పాలు కాలేదు.

ఇవాళ ఈ సంగతి ఎందుకంటే, లైసెంకో మళ్ళీ లేస్తున్నాడు. జన్యువుల తాళ్ళను గురించిన కొత్త శాస్త్రం, అనగా ఎపిజెనెటిక్స్, ఆయన చెప్పినది నిజమని రుజువు చేసిందని రష్యాలో కొందరు వాదిస్తున్నారు. ఆ వాదన మన వారిలోనూ కొందరికి ఇంపుగా వుండవచ్చు. 1944–45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలో ఆకలికి మాడిన హాలండ్‌లో, ఆ కాలాన తల్లి కడుపున పడినవారి జన్యువులపై ఆరు దశాబ్దాల తరువాత కూడా గుర్తులు కనబడ్డాయని 2008లో వెల్లడైంది. ఆకలి శరీరంలో ఎంత లోతుగా దిగుతుందో చెప్పడానికి ఇది చాలు. కాని ఇది తల్లి కడుపులోనే ఆకలి తగిలినవారి సంగతి. క్షీరదాలలో ఇటువంటి గుర్తులు చాలావరకు బీజకణాలలోనూ, తొలి పిండంలోనూ చెరిగిపోతాయి. దీని నుంచి లైసెంకో గోధుమను పండించలేం.

మనం పోరాడవలసిన చోటు వేరే వుంది. 2014లో కోబేలో ఒక వృద్ధురాలి కంటిలో, ఆమె చర్మకణాల నుంచే తయారు చేసిన రెటీనా పొరను అమర్చారు. 2022లో కణాలకు యౌవనం తిరిగి తెచ్చే పరిశోధన కోసం మూడువందల కోట్ల డాలర్ల పెట్టుబడితో అమెరికాలో ఒక కంపెనీ వెలసింది. ముసలికణం పసికణం కాగలదన్న జ్ఞానం మానవజాతి ఉమ్మడి ఆస్తి. దాని ఫలం ఎవరికి దక్కుతుందన్నది రాజకీయ ప్రశ్న. అక్కడ మన సిద్ధాంతానికి చేతినిండా పని వుంది. కణం ఎట్లా ప్రవర్తిస్తుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పవలసినది కణమే. ఈ రెండు ప్రశ్నలనూ కలిపివేసినందుకు వవిలోవ్ ప్రాణం పోయింది, ఒక దేశపు జీవశాస్త్రం పాతికేళ్ళు వెనుకబడింది. మన విద్యార్థులకు ఎంగెల్స్‌ను బోధించేటప్పుడు ఈ చరిత్రను కూడా దాచకుండా బోధించాలి.