కాటుక రేకుల పొడ

భిలాయిలో వానాకాలపు రాత్రి పాము కరిస్తే ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు నాలుగు జాతుల విషానికి పనిచేస్తుంది. వాటిలో రక్తపింజరి ఒకటి. దాని శాస్త్రీయ చరిత్ర మన విశాఖపట్నంతో ముడిపడి ఉంది.

1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా నియమితుడైన డాక్టర్ పాట్రిక్ రస్సెల్, విషసర్పాన్ని జనం సులువుగా గుర్తుపట్టే ఉపాయం కోసం పొలుసులు పరిశీలించాడు. కోరలు చూడడం తప్ప నమ్మదగిన దారి దొరకలేదు. కోళ్లపై, కుక్కలపై విషాన్ని పరీక్షించాడు. నేడు మనకది క్రూరంగానే తోస్తుంది. 1796లో వెలువడిన ఆయన గ్రంథంలో ఈ పాముకు ‘కాటుక రేకుల పొడ’ అన్న తెలుగు పేరే ఉంది. మరుసటి ఏడాదే శాస్త్రజ్ఞులు దానికి రస్సెల్ పేరు పెట్టారు. మన పేరు మరుగున పడింది.

రక్తం గడ్డకట్టే తీరునే తారుమారు చేసే ఆ విషాన్ని 1934లో లండన్‌లో మాక్‌ఫర్లేన్, బార్నెట్‌లు హీమోఫిలియా రోగుల రక్తస్రావం ఆపడానికి పూతగా వాడారు. నేటికీ కొన్ని రక్తపరీక్షలలో దాన్ని పలుచన చేసి వాడుతున్నారు.