ఎండకు రుమాలు, కొలువుకు కుల్లాయి

వైశాఖమాసపు మధ్యాహ్నమున ఇంద్రకీలాద్రి బండలు కాగి, కృష్ణ ఇసుకతిన్నెలు కన్నులకు మిఱుమిట్లు గొల్పుచుండగా, కాలువగట్టుమీద పలుగు పట్టి పనిచేయు మనుష్యుడు తలకేమి చుట్టుకొన్నాడో చూచినచో ఈ నేల యెండయొక్క చరిత్ర కొంత తెలియును. ఆ మనుష్యుడే తాలూకా కచేరీకి పోవునపుడు తలపై నేమి పెట్టుకొన్నాడో చూచినచో ఈ నేల నేలినవారి చరిత్ర తెలియును. ఈ రెండు చరిత్రలును ఒకటి కావు. మొదటిదానిని మనవారే నేసి, మనవారే రంగులద్ది, సముద్రములు దాటించిరి. రెండవది ఎప్పటికప్పుడు ఏలికవెంట వచ్చి ఏలికవెంటనే పోయినది. వేషచరిత్రలు వ్రాయువారు రాజసభల టోపీలనే వర్ణించి కాలువగట్టుమీది రుమాలును విడిచిపెట్టుట న్యాయము కాదని నా నిశ్చితాభిప్రాయము.

కొలువువేషమునకు శ్రీనాథునికంటె మంచి సాక్షి మనకు లేడు. ప్రౌఢదేవరాయల దర్శనముకొఱకు విజయనగరమున కాచుకొనియున్న కాలమున ఆ మహాకవి తనకలవాటు లేని కుల్లాయి పెట్టుకొని, పెద్దకుప్పసము తొడిగికొని, అచటి యాహారము సహింపలేక కన్నడరాజ్యలక్ష్మితో మొఱపెట్టుకొన్న చాటుపద్యము తెలుగువారందఱకు తెలిసినదే. చదివినవారు నవ్వుకొందురు గాని, పరదేశపు కొలువులో తనది కాని వేషము ధరించి నిలువవలసిన పండితుని కష్టము అందు నిజముగా నున్నది. ఆ కష్టము ఫలించెను, వాదమున ఓడిన ఆస్థానపండితుడు డిండిమభట్టు కంచుఢక్క పగిలెను, కనకాభిషేకము జరిగెను. కాని అవసానకాలమున అదే కవి కృష్ణాతీరమున బొడ్డుపల్లె గ్రామము గుత్తకు దీసికొని, వఱదలో పంట పోగొట్టుకొని, శిస్తు చెల్లింపలేక బండ మోయుచు ఎండలో నిలువవలసివచ్చెనని జనశ్రుతి. విజయనగరమున కుల్లాయి మోసిన శిరస్సునకు కృష్ణయొడ్డున నీడయే కఱవైనది.

ఆ కుల్లాయి ఎట్లుండెనో తెలిసికొనుటకు తిరుమల దేవాలయముననున్న కృష్ణరాయల లోహవిగ్రహమును చూచిన చాలును. ఇరువురు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలిచియున్న రాయల శిరముపై పొడవుగా, పైకి పోవుకొలది సన్నగిల్లుచు లేచినది అదియే. లేపాక్షి చిత్రములలోని దొరల తలలపైనను అట్టివే కాననగును. పరిశోధకులు దీనికి పారశీక, తురుష్కదేశముల వేషములతో సంబంధము చెప్పుదురు.

ఇక ఎండవైపు చరిత్రకు వత్తము. నందిగామ, జగ్గయ్యపేట మెట్టప్రాంతముల గొఱ్ఱెలకాపరికి వానలోనైనను చలిలోనైనను గొంగడి కొప్పెరయే శిరస్త్రాణము. డెల్టాలోని మాగాణిరైతుకు ఉన్ని పనికిరాదు. అతనికి నూలుగుడ్డ కావలెను. పొలమునకు పోవునపుడు తలగుడ్డ, నీరు త్రాగునపుడు వడపోత, అన్నము మూట, చెట్టుక్రింద పడక, స్నానానంతరము తువాలు: ఇన్ని పనులు చేయు వస్త్రము మఱి యొకటి లేదు. ఆ చదరపుగుడ్డను ఈ తీరముననే లోకోత్తరమైన నేర్పుతో తయారుచేసిరి. ఇసుకనేలలలో దొరకు చిరువేరు ఎఱుపునకు ఆధారము. దానికై పేరుపడినది పేటపోలి, అనగా నేటి నిజాంపట్నము. 1605లో డచ్చివారు బందరున వర్తకశాల పెట్టిరి. 1611లో ‘గ్లోబు’ అను ఆంగ్లనౌక పేటపోలికిని, పిదప బందరునకును వచ్చినది. వారందఱు వచ్చినది ఈ రంగుల బట్టలకొఱకే.

వీనిలో చీరాల తేలియా రుమాలును గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. కృష్ణ పడమటిగట్టున బయలుదేఱిన కొమ్మమూరు కాలువ దుగ్గిరాల, బాపట్లల మీదుగా పోయి సోకు చీరాల ప్రాంతము ఈ విద్యకు పుట్టినిల్లు. ముందు నూలును సిద్ధపఱుపవలెను. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదను నీటిలో కలిపి, ఆ తేటక్షారమున నూనె పోసి, నూలుచిలపలను అందు ముంచి, చేతులతో పిసికి, ఎండవేసి, మరల ముంచి పిసుకుచు, రెండుమూడు వారములపాటు ఈ పనియే చేయవలెను. నూనె నూలులోనికి ఇంకినగాని ఎఱుపు గట్టిగా పట్టదు. పిదప పడుగును పేకను రెండింటిని మగ్గమెక్కింపకముందే లెక్క ప్రకారము ముడులు కట్టి అద్దకము వేయుదురు; కట్టినచోట తెలుపు నిలుచును, కట్టనిచోట ఎఱుపో నలుపో పట్టును. నేయునపుడు పడుగులోని చుక్కమీద పేకలోని చుక్క సరిగా పడవలెను. అటు వెండ్రుకవాసి జరిగినను చుక్క చెదరును. మూడే రంగులతో, చతురములు, నక్షత్రములు, తరువాతికాలమున గడియారములు, విమానములు మున్నగు వింతరూపములుకూడ ఆ నేతలో వెలసినవి.

ఆ నూనెవాసన బట్టను విడువదు. దుమ్మును అంటనీయక తలను చల్లగా నుంచునని వాడినవారు చెప్పుదురు. ఉతికినకొలది మెత్తబడును, రంగు వెలవెలబోదు. అందుచేతనే అరబ్బుదేశముల ఎడారిజనులు దానిని తలగుడ్డగా కోరిరి. హైదరాబాదు అంతఃపురములలో అది మేలిముసుగైనది. ఇదే చీరాల చుట్టుపట్ల నేసిన గళ్ళరుమాళ్ళు చెన్నపట్నపు రేవున ఓడలెక్కి, ఆ పట్టణపు పేరే పెట్టుకొని పశ్చిమాఫ్రికాకును చేరినవి. నైగరు నదీముఖమునందలి కలబారి జనులకు పుట్టుకనుండి చావువఱకు ప్రతి శుభాశుభకార్యమునకు ఆ గళ్ళబట్ట కావలెను. కరిబియను దీవులైన మార్టినీకు, గ్వాడెలూపులలో స్త్రీలు తలకు ముడివేసికొను వస్త్రమునకు నేటికిని ‘మద్రాసు’ అనియే పేరు. కృష్ణాతీరపు నేతగాడు తాను చూడని ఖండములలోని తలలను అలంకరించెను. అతని పేరు మాత్రము ఓడ యెక్కలేదు.

కుంఫిణీవారి కాలమున కచేరీవేషముగా స్థిరపడినది జరీయంచు తలపాగా. గంజిపెట్టి యిస్త్రీ చేసిన తెల్లని సన్నబట్టను మడతమీద మడతగా చుట్టుటలో కులమునకు, ఊరికి, ఉద్యోగమునకు ఒక్కొక్క తీరుండెను. 1862లో బందరున పుట్టిన రఘుపతి వేంకటరత్నమునాయుడుగారి శుభ్రశ్వేతోష్ణీషమును, ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వఱకు ఉపాధ్యక్షులైన రాధాకృష్ణపండితుని తలపాగాను స్మరించినవారికి, ఆ వేషమునకు ఎంతటి గాంభీర్యముండెనో వేఱుగా చెప్పనక్కఱలేదు.

1852లో ప్రారంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టతో ఇంజనీర్ల కాలము వచ్చినది. వారితో వచ్చినది బెండుటోపీ. మడుగులలో పెరుగు జీలుగు బెండును పలుచగా చీరి, అచ్చుమీద పొరలుగా అతికించి, పైన కాకీగుడ్డ తొడిగినది యది. ఉష్ణదేశపుటెండ పుఱ్ఱెలోనికి దూసికొనిపోయి మెదడును చెఱచునని అప్పటి పాశ్చాత్యవైద్యులు నమ్మిరి. రెండవ ప్రపంచయుద్ధముతో ఆ నమ్మకము పోయెను, ఆ టోపీయు పోయెను.

రైలు వచ్చినపిదప బెజవాడ అన్ని టోపీలకును కూడలియైనది. 1889లో నైజామువారి రైలుమార్గము సికిందరాబాదునుండి బెజవాడ చేరెను. 1893లో కృష్ణపై వంతెన వెలసెను. 1899లో మద్రాసు మార్గము కలిసెను. ఒక ప్లాట్‌ఫారముమీద మద్రాసు తలపాగా, మఱియొకదానిమీద హైదరాబాదు రూమీటోపీ, నడుమ రైల్వేదొరల ఫెల్టుటోపీ. రూమీటోపీయు ఫెల్టే. ఎఱ్ఱని యున్నిఫెల్టును ఇత్తడియచ్చుమీద ఆవిరితో బిగించి నిలువుగా తీర్చిన ఆ టోపీని 1829లో తుర్కీ సుల్తాను రెండవ మహమూదు తన యుద్యోగులకు విధించెను. బొహీమియాలోని స్ట్రకోనిత్స్ మున్నగుచోట్ల కార్ఖానాలు దానిని లోకమునకు సరఫరా చేసెను. 1925లో ముస్తఫా కెమాలు తన దేశమున దానిని నిషేధించెను. తుర్కీలో నిషేధింపబడినపిదపకూడ నిజాము కొలువులో హిందూ మహమ్మదీయ భేదము లేక ఉద్యోగులు షేర్వాణీపై దానిని ధరించుచునే యుండిరి.

అంచుగల దొరల ఫెల్టుటోపీ మనవారిలో సూటు ధరించిన కొందఱు డాక్టర్లకు, న్యాయవాదులకు మాత్రమే దక్కిన భోగము. దాని తయారీ చీరాల విద్యకు సరిగా విరుద్ధము: పడుగు లేదు, పేక లేదు, కుందేటి బొచ్చునో, గొఱ్ఱె యున్నినో వేడినీటిలో అదిమి అదిమి, రోమముల పొలుసులు ఒకదానినొకటి పట్టుకొనునట్లు చేసిన చాపవంటి పదార్థమది. బొచ్చు త్వరగా అదుకుటకు పాదరసపు లవణము పూయుటచేత యూరపులో ఎందఱో టోపీపనివారు వణకురోగముతో, మతిభ్రంశముతో నశించిరి. కొనదలచినవారు ఉన్నిఫెల్టును బొచ్చుఫెల్టును వేఱుగా గుర్తింపవలెను. మొదటిది వానకు తడిసి మెత్తబడి రూపు చెడును, రెండవది కొంత సహించును. కొలత చెవులపైన, కనుబొమలకు కొంచెము ఎత్తున, నుదుటిమీదుగా తీయవలెను. నడినెత్తిని వ్రేళ్ళతో నొక్కి పట్టి తీసినచో మడత చోట చిల్లి పడును. అంచు పట్టి తీయవలెను. దుమ్మును మెత్తని కుంచెతో బొచ్చు వాలినదిక్కుననే దులుపవలెను. రూపు మార్చుకొనదలచినవారు మరుగునీటి యావిరి పట్టి, మెత్తబడినపుడు వ్రేళ్ళతో మడత దిద్దుకొని, చల్లారువఱకు కదలనీయరాదు. డెల్టాలో దీని నిజమైన శత్రువు చెమట: లోపలి తోలుపట్టీని ప్రతిదినము వెలికి త్రిప్పి ఆఱబెట్టవలెను, శ్రావణభాద్రపదములలో బూజు పట్టకుండ, పురుగు కొట్టకుండ కర్పూరమో వేపాకో వేసి, అంచు వంగకుండ తలక్రిందుగా పెట్టెలో నుంచవలెను. ఇంత సేవ కోరు టోపీ ఈ వాతావరణమున వ్యాపింపకపోవుటలో వింత లేదు.

ఈ చెమటలెక్కనే గాంధీమహాత్ముడును వేసెను. ఏ టోపీ దేశమునకు తగునని విచారించినపుడు, నల్లఫెల్టుటోపీ మురికిని కనబడనీయక దాచునని, తెల్లని ఖద్దరుటోపీ యైనచో నిత్యము ఉతుకవచ్చునని, త్వరగా ఆఱునని, మడిచి జేబులో పెట్టుకొనవచ్చునని కాకా కాలేల్కరుతో ఆయన చెప్పెను. ఎండకును సభకును ఒక్కటే వస్త్రము పనికివచ్చుట మన చరిత్రలో ఇదే మొదలని నాకు తోచుచున్నది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, తిలకు స్వరాజ్యనిధికి కోటిరూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరువదిలక్షల రాట్నములు సమకూర్పవలెనని తీర్మానించెను. పింగళి వెంకయ్యగారు పతాకమును మహాత్మునికి సమర్పించినది ఆ సందర్భముననే. అదే సంవత్సరము సెప్టెంబరు 22న మధురైలో మహాత్ముడు కొల్లాయి కట్టి టోపీని విడిచిపెట్టెను. ఆయన విడిచినదానిని ప్రజలు విడువలేదు. 1930లో ఉప్పుసత్యాగ్రహకాలమున గుంటూరులో గాంధీటోపీ ధరించుటయే నేరమని అధికారులు నిషేధించిరి. ఒక గజము ఖద్దరుగుడ్డకు ప్రభుత్వము ఇంత వెఱచుట కుల్లాయికిగాని తలపాగాకుగాని లభింపని గౌరవము.

స్వాతంత్ర్యానంతరము తలలు బోసిపోయినవి. ఖద్దరుటోపీ సభావేదికలకు పరిమితమయ్యెను. తలపాగా పెండ్లికొమరునికి మిగిలెను. 1971లో తెనాలి చేరువ బుఱ్ఱిపాలెమునకు చెందిన నటుడు కృష్ణగారు రాజస్థాను ఎడారులలో గుఱ్ఱమెక్కి ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రమున ధరించిన అంచుటోపీని డెల్టాజనము మనసార మెచ్చుకొన్నది.

తేలియా రుమాలు గతి వేఱు. ఎగుమతులు తగ్గి, చీరాలలో ఆ మగ్గములు క్రమముగా మూగవోయినవి. ఆ విద్య నల్లగొండప్రాంతపు పుట్టపాకలో నిలిచి, తలగుడ్డ చీరయై, మేలువలువయై బ్రతుకుచున్నది. 2020లో భౌగోళికగుర్తింపు దక్కినదియు పుట్టపాక నేతగాండ్రకే. వారు దానికి సర్వవిధముల అర్హులు. అయినను పుట్టినయూరి ఋణము తీరలేదు. విజయవాడ బందరురోడ్డుమీది విక్టోరియా జూబిలీ భవనమున, నేటి బాపు మ్యూజియమున, రాతిదేవతల నడుమ ఒక అద్దాలపెట్టె పెట్టి, అందు నూనెయెండిన చీరాల రుమాలు నొకదానిని విప్పి పఱచి, నేసినయూరు, అది పోయిన దేశములు ప్రక్కన వ్రాసి యుంచవలెనని ఆ మ్యూజియము అధికారులను కోరుచున్నాను.